ముందు లైటు తగ్గించు

రాత్రి పదకొండు దాటాక మా మేనల్లుడు ఒక ఫొటో పంపాడు. నీటిమొక్కలు పెంచే రెండడుగుల గాజుతొట్టి (అక్వేరియం). నీళ్ళు పోసి మూడు వారాలైంది. మధ్యలో మూడు రాళ్ళు, వాటి చుట్టూ చిన్న చిన్న కుచ్చులుగా నాటిన మాంటె కార్లో అనే నేల మీద పరుచుకునే మొక్క, వెనుక రొటాలా అనే కాడమొక్క. రాళ్ళు పేర్చడం చక్కగా కుదిరింది. పెద్దరాయి నిటారుగా కాకుండా ఒక పక్కకు ఒరిగి, ఏళ్ళ తరబడి ప్రవాహానికి ఎదురు నిలిచినట్టు ఉంది. అయితే ఆ కుచ్చులన్నిటినీ కలిపి కుట్టేసినట్టు పచ్చని దారాల నాచు పరుచుకుని ఉంది. ఫొటో కింద ఒకే వాక్యం: "మామయ్యా, దీనికి మందు ఏమిటి?"

లైటు ఎన్ని గంటలు వేస్తున్నావని అడిగాను. పది గంటలన్నాడు. ఎంత వెలుగు మీద? నూటికి నూరు శాతం. అంత ఎందుకురా అంటే, "అంత మంచి లైటు తెచ్చుకుని సగంలో నడపడం ఎందుకు మామయ్యా?" అన్నాడు. ఆరు గంటలు చాలు, వెలుగు సగానికి దించు, ఆ దారాలను పాత పళ్ళబ్రష్షుకు చుట్టి లాగెయ్యి, రోజు విడిచి రోజు సగం నీళ్ళు మార్చు, మందు జోలికి పోకు అని చెప్పాను. అవతల కాసేపు మాట లేదు. సీసా మీద పేరు ఒకటి చెబుతానని ఎదురుచూసినవాడికి, ఉన్నదాన్ని తగ్గించుకోమనడం సలహాలా అనిపించలేదు. ఆ మౌనం నన్ను రెండు రోజులు వదలలేదు. పదేళ్ళ క్రితం నాకు ఇదే మాట చెప్పినవారి ముందు నేనూ అలాగే మౌనంగా ఉండిపోయాను.

హైటెక్ ప్లాంటెడ్ తొట్టి అనగానే లైటు, గ్యాసు (మొక్కల కోసం నీళ్ళలోకి వదిలే కార్బన్ డయాక్సైడ్), ఎరువు అని మూడు పేర్లు చెబుతాం. చెప్పే వరుస ఎప్పుడూ అదే. కొనేటప్పుడు కూడా మనసు ముందు లైటు మీదకే పోతుంది. గ్యాసు సిలిండర్ తొట్టి కింద బీరువాలో దాక్కుంటుంది, ఎరువు సీసాలో ఉంటుంది, లైటు ఒక్కటే కంటికి ఎదురుగా వేలాడుతుంది. ఈ వరుసను తిరగేయాలని నా వాదన. గ్యాసు, నీటి ప్రసరణ, ఎరువు, నీళ్ళ మార్పిడి ఇవన్నీ కుదిరాక, అవి మోయగలిగినంత మేరకే లైటు ఇవ్వాలి. లైటును ముందు నిలబెట్టి, మిగతావన్నీ దాని వెనుక పరుగెత్తేలా చేస్తే ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట పడిపోతారు. చాలాసార్లు పడిపోయేది చేప.

వెలుతురు శక్తి అని పుస్తకాల్లో చదువుకున్నాం, అది నిజమే. తొట్టిని నడిపేవారి వైపు నుంచి చూస్తే మాత్రం అది ఆకలిలా పనిచేస్తుంది. వెలుగు పెరిగేకొద్దీ మొక్క ఎక్కువ కార్బన్ అడుగుతుంది, దానితోపాటు నత్రజని, భాస్వరం, పొటాషియం, ఇనుము అన్నీ ఎక్కువ అడుగుతుంది. అన్నిటికంటే కొరతగా ఉన్న పోషకమే ఎదుగుదలను నిర్ణయిస్తుందని పందొమ్మిదో శతాబ్దంలో జర్మన్ శాస్త్రవేత్త లీబిగ్ ప్రచారంలోకి తెచ్చిన సూత్రం పొలానికి ఎంత వర్తిస్తుందో గాజుతొట్టికీ అంతే వర్తిస్తుంది. ఏ తొట్టిలోనైనా ఏదో ఒకటి కొరతగా ఉండక తప్పదు. ఆ కొరత ఏదో మనమే ఎంచుకోవచ్చన్నది నాకు చాలా ఆలస్యంగా తట్టింది. వెలుతురు కొరతైన మొక్క నెమ్మదిగా పెరుగుతుంది, ఆకు మాత్రం నిండుగా, శుభ్రంగా ఉంటుంది. కార్బన్ కొరతైన మొక్క ఆకులకు చిల్లులు పడతాయి, అంచులు అద్దంలా పారదర్శకమై కరుగుతాయి, ఆ కరిగినదంతా నీళ్ళలోకి చేరుతుంది. రెండూ కొరతలే. మొదటిది తోటను ఆలస్యం చేస్తుంది, రెండోది తోటను కుళ్ళబెడుతుంది.

నాచు అన్న ఒక్క మాట

మన భాషలో నీటి అడుగున పచ్చగా కనిపించేదంతా నాచే. చెరువులో పెరిగే హైడ్రిల్లా నాచే, రాతిమీద జారే పొర నాచే, నీటిని పచ్చగా మార్చే కంటికి ఆనని కణాలూ నాచే. ఈ అభిరుచిలో దిగిన కొత్తలో ఆ మాట నాకు అడ్డుగా ఉండేది. ఏది పెంచాలో ఏది తుంచాలో రెండిటికీ ఒకటే పేరైతే ఎలా అని. ఇప్పుడు ఆ పాత మాటలో ఎంతో కొంత నిజం కనిపిస్తుంది. మనం నాటిన రొటాలాకూ, పిలవకుండా వచ్చిన దారాల నాచుకూ బతుకు ఒకటే. రెండూ అదే వెలుగు తాగుతాయి, అదే నైట్రేట్ తింటాయి. ఒకదాన్ని మాత్రమే చంపే మందు ఉంటుందనుకోవడమే పొరపాటు. ఉన్న మందుల్లో కొన్ని మెత్తని మొక్కలనూ, రొయ్యలనూ కూడా ఇబ్బంది పెడతాయి.

తేడా ఉన్నది వాటి అవసరాల పరిమాణంలో. ఏకకణ నాచుకు వేళ్ళు లేవు, కాండం లేదు, చేతికందిన కొంచెంతో సరిపెట్టుకుని రోజుల్లో రెట్టింపవుతుంది. కనుక దాన్ని ఆకలితో మాడ్చి గెలవాలనుకుంటే ముందు మాడిపోయేది మొక్కే. ఇది నేను అనుభవంతో చెబుతున్నాను. 1996లో పాల్ సియర్స్, కెవిన్ కాన్లిన్ అనే ఇద్దరు భాస్వరాన్ని కొరతగా ఉంచితే నాచు అదుపులో ఉంటుందని ప్రతిపాదించారు. ఆ ఆలోచన చాలాకాలం చలామణిలో ఉంది. నేనూ నమ్మాను. ఎరువులో భాస్వరం పూర్తిగా ఆపేసి నాలుగు నెలలు గడిపాను. నాచు పోలేదు సరికదా, అనూబియాస్ అనే మొక్క ఆకుల మీద, గాజు మీద గట్టి పచ్చని చుక్కలు మొలిచాయి. గోటితో గీకినా రాని రకం అది. తరవాత నీటిమొక్కల తొట్టెల గురించి రాసే టామ్ బార్ రాతలు చదివాను. పోషకాలన్నీ కావలసినదానికంటే కాస్త ఎక్కువే ఇచ్చి, వారానికి సగం నీళ్ళు మార్చి మిగులును కడిగేయడం ఆయన పద్ధతి. భాస్వరం తిరిగి మొదలుపెట్టిన ఆరు వారాలకు కొత్త అనూబియాస్ ఆకులు చుక్క లేకుండా వచ్చాయి. పాత ఆకులు కత్తిరించేశాను.

అయితే బార్ పద్ధతి పాటిస్తూనే నాచుతో వేగినవారిని కూడా నాకు తెలిసినంతలోనే ముగ్గురిని చూశాను. ఎరువు సరిగానే ఉంది, నీళ్ళు వారం వారం మారుతున్నాయి. ముగ్గురి ఇంటికీ వెళ్ళి చూస్తే గది గుమ్మం దగ్గరే కళ్ళు చికిలించాల్సి వచ్చింది. నత్రజని, భాస్వరం నిండుగా ఉన్నాయి, వెలుగు దంచుతోంది, గ్యాసు మాత్రం ఆ రెండిటికీ సరిపడా లేదు. వాళ్ళకు కొరతగా మిగిలింది అన్నిటికంటే ప్రమాదకరమైన కొరత.

మొదటి నెల సంగతి ఇంకా స్పష్టం. మనం తెచ్చుకునే మొక్కల్లో ఎక్కువ భాగం నర్సరీల్లో నీటి పైన, తేమ గాలిలో పెరిగినవి. నీళ్ళలో మునిగాక ఆ ఆకులు పనికిరావు. మొక్క వాటిని వదిలేసి, పలచని కొత్త ఆకులు వేసుకోవాలి. క్రిప్టోకోరైన్ అయితే వారంలో మొత్తం కరిగిపోయి చచ్చిందేమో అనిపించి, తరవాత దుంప నుంచి మళ్ళీ మొలుస్తుంది. అదే సమయంలో కొత్త అక్వా సాయిల్ (తొట్టి అడుగున పరిచే పోషకాల మట్టి) అమ్మోనియా వదులుతుంటుంది, ఫిల్టర్‌లో దాన్ని నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులు ఇంకా కుదురుకోలేదు. అంటే కరుగుతున్న ఆకులు, అమ్మోనియా, వేళ్ళు పట్టని మొక్కలు. ఈ స్థితిలో పది గంటల వెలుగు పడితే దాన్ని తినగలిగినవారు ఎవరు? మా వాడి తొట్టిలో అదే జరిగింది. అతను చేసిన తప్పు ఏదీ లేదు, ఒక్క లైటు తప్ప.

మరి గ్యాసు ఎందుకు?

ఇక్కడ న్యాయమైన ప్రశ్న ఒకటి వస్తుంది. వెలుగు అంత తక్కువ చాలనుకుంటే సిలిండర్, రెగ్యులేటర్, గ్యాసు ధారను సర్దే నీడిల్ వాల్వు ఇవన్నీ ఎందుకు? డయానా వాల్‌స్టాడ్ పద్ధతిలో తోటమట్టి మీద ఇసుక పరిచి, గ్యాసు లేకుండా, నీళ్ళు కూడా అరుదుగా మారుస్తూ తొట్టెలు నడిపేవారు ఎందరో ఉన్నారు. అవి బాగుంటాయి. ఒకటి నేనూ మూడేళ్ళు నడిపాను. ఆ పద్ధతి మీద నాకు గౌరవం తప్ప ఫిర్యాదు లేదు.

కానీ "వెలుగు తక్కువైతే గ్యాసు అక్కర్లేదు" అన్న మాటను నేను ఒప్పుకోను. గాలితో సమతూకంలో ఉన్న నీటిలో కార్బన్ డయాక్సైడ్ లీటరుకు అర మిల్లీగ్రాము పైచిలుకే. పైగా నీటిలో వాయువు కదలిక గాలిలో కంటే దాదాపు పదివేల రెట్లు నెమ్మది. ఆకును అంటిపెట్టుకుని కదలని నీటిపొర ఒకటి ఉంటుంది, అందులోని కార్బన్‌ను ఆకు పీల్చేశాక మళ్ళీ అందడానికి చాలా సేపు పడుతుంది. అంత కొరతలో బతకడానికి మొక్క తన పెట్టుబడిలో పెద్దభాగాన్ని కార్బన్ పట్టుకునే ఎంజైముల మీద పెట్టాలి. కార్బన్ పుష్కలంగా దొరికితే ఆ పెట్టుబడి మిగులుతుంది, దాన్ని పత్రహరితం తయారీకి మళ్ళించుకుంటుంది. పత్రహరితం ఎక్కువున్న ఆకు మసక వెలుగును కూడా బాగా పట్టుకుంటుంది. అంటే గ్యాసు ఉన్న తొట్టిలో మొక్కకు తక్కువ వెలుగే ఎక్కువగా ఉపయోగపడుతుంది. గ్యాసు పెట్టుకున్నవారు లైటు పెంచుకోవచ్చని అందరూ చెబుతారు. గ్యాసు పెట్టుకున్నవారు లైటు తగ్గించుకోవచ్చన్న రెండో సగాన్ని ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు.

కొత్తవాళ్ళు గ్యాసు లేకుండా మొదలుపెట్టి తరవాత నేర్చుకోవాలన్నది మరో స్థిరపడిన సలహా. నా ఉద్దేశంలో చిన్న తొట్టి పెట్టదలిచినవారు, నేలంతా తివాచీలా పరుచుకునే కార్పెట్ మొక్కలు కావాలనుకునేవారు గ్యాసుతోనే మొదలుపెట్టి, లైటును కట్టడి చేసుకుంటే చాలా నిరాశ తప్పుతుంది. ఒకే ఒక్క షరతు, గ్యాసును సరిగ్గా కొలవడం నేర్చుకోవాలి. నేను అది నేర్చుకున్న తీరు చెప్పడానికి ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది.

ఆ సాయంత్రం

అరవై సెంటీమీటర్ల తొట్టి, పదకొండు కార్డినల్ టెట్రా చేపలు, ఒక డజను అమానో రొయ్యలు. కార్పెట్ మొక్కలు ముందు భాగంలో నిండడం లేదని వారం ముందు లైటు పెంచాను. నాలుగు రోజులకు రాళ్ళ అంచుల మీద నల్లని కుచ్చు నాచు కనిపించింది. చూడటానికి నల్లగా, బూడిద రంగులో ఉన్నా అది ఎర్ర నాచుల కుటుంబానికి చెందినది. గ్యాసు చాలకపోయినా, రోజుకోలా మారుతున్నా అది వస్తుందని విన్నాను కనుక నీడిల్ వాల్వు కాస్త తిప్పాను. డ్రాప్ చెకర్ ఇంకా నీలి ఛాయలో ఉండటం చూసి, ఇంకాస్త తిప్పి పని మీద బయటికి వెళ్ళాను.

డ్రాప్ చెకర్ సంగతి తెలియనివారికి ఒక మాట. అందులో నాలుగు డిగ్రీల కార్బొనేట్ కాఠిన్యం ఉన్న నీళ్ళు, బ్రోమోథైమాల్ బ్లూ చుక్కలు ఉంటాయి. గ్యాసు తక్కువైతే నీలం, లీటరుకు 30 మిల్లీగ్రాముల దగ్గర ఆకుపచ్చ, మించితే పసుపు. ఆ రంగునీళ్ళకూ తొట్టి నీళ్ళకూ మధ్య ఉన్న గాలి అర దాటి వాయువు వెళ్ళాలి కనుక, అది చూపించేది గంట రెండు గంటల క్రితం మాట. నేను చూసిన నీలం గడిచిపోయిన నీలం.

సాయంత్రం వచ్చి చూసేసరికి చెకర్ నిమ్మపండు రంగులో ఉంది. చేపలన్నీ నీటి పైపొరకు చేరి నోళ్ళు తెరుస్తున్నాయి. మొక్కల ఆకుల నుంచి మాత్రం ఆక్సిజన్ బుడగలు ముత్యాల్లా వరసకట్టి పైకి లేస్తున్నాయి. అంత అందంగా ఆ తొట్టి అంతకుముందు ఎప్పుడూ లేదు. నీటిలో ఆక్సిజన్ నిండుగా ఉన్నా చేప ఊపిరాడక చనిపోతుందని అప్పుడే తెలిసింది. బయట కార్బన్ డయాక్సైడ్ పెరిగిపోతే చేప రక్తంలోనిది మొప్పల గుండా బయటికి పోలేకపోతుంది. రక్తం ఆమ్లమవుతుంది, ఆక్సిజన్‌ను పట్టుకునే శక్తి రక్తానికి తగ్గిపోతుంది. గ్యాసు ఆపి, ఫిల్టర్ గొట్టాన్ని పైకెత్తి నీటి ఉపరితలం కలకల్లాడేలా చేసి, క్లోరిన్ తీసిన నీళ్ళతో సగం మార్చాను. ఏడు చేపలు తేరుకున్నాయి. నాలుగు తేరుకోలేదు. రొయ్యల్లో ఎన్ని పోయాయో ఆ రాత్రి లెక్కపెట్టలేకపోయాను.

చాలా రోజులు దాన్ని గ్యాసు చేసిన పనిగానే తలిచాను. సోలినాయిడ్‌ను (గ్యాసును తెరిచి మూసే కరెంటు వాల్వును) టైమరుకు కట్టాను, వాల్వు మార్చాను, పీహెచ్ కొలవడం మొదలుపెట్టాను. తొట్టి నీళ్ళను గ్లాసులో ఒక రోజు వదిలేస్తే గ్యాసంతా పోతుంది. ఆ నీటి పీహెచ్‌కూ, గ్యాసు నడుస్తున్నప్పటి తొట్టి పీహెచ్‌కూ మధ్య ఒక పాయింటు తేడా వస్తే గ్యాసు పది రెట్లు పెరిగినట్టు. చెకర్ రంగు కంటే నాకు ఇది నమ్మకంగా తోచింది. ఇవన్నీ చేయవలసినవే. కానీ అసలు వాల్వు మీద చేయి ఎందుకు వేశాను? నాచు వచ్చింది కనుక. నాచు ఎందుకు వచ్చింది? మొక్కలు అడిగినంత గ్యాసు అందక. అంత గ్యాసు ఎందుకు అడిగాయి? వారం ముందు లైటు పెంచాను కనుక. ఆ రోజు వాల్వుకు బదులు లైటును వెనక్కి తిప్పి ఉంటే, నష్టపోయేది మహా అయితే కార్పెట్ నిండడానికి ఇంకో నెల.

నా వాదనకంతటికీ మూలం ఇదే. తొట్టిలో మనం తిప్పగలిగిన మీటల్లో రెండు వైపులా తిప్పినా ఎవరి ప్రాణానికీ ముప్పు తేనిది లైటు మీట ఒక్కటే. వెలుగు తగ్గిస్తే మొక్కలు అడిగే గ్యాసు తగ్గుతుంది. అప్పుడు లీటరుకు 30 మిల్లీగ్రాముల అంచున నిలబడక్కర్లేదు, 20 దగ్గర కూడా తోట హాయిగా నడుస్తుంది. ఆ మిగిలిన పది మిల్లీగ్రాములు చేపల వాటా.

ఎర్ర మొక్కలు, పోటీ ఫొటోలు

ఈ వాదన ఎక్కడ తేలిపోతుందో కూడా చెప్పాలి. ఎర్ర మొక్కల దగ్గర. రొటాలా మాక్రాండ్రాను మసక వెలుగులో పెంచితే బతుకుతుంది, కానీ ఆ నిప్పు రంగు రాదు. లడ్విజియా కింది ఆకులు రాల్చుకుని పైన మాత్రమే రంగు చూపిస్తుంది. కొన్ని రొటాలాలకు నైట్రేట్ తగ్గించి కూడా ఎరుపు రప్పించవచ్చు, అది మళ్ళీ మరో కొరతతో ఆడే ఆట. క్యూబా మొక్క అని పిలుచుకునే చిట్టి ఆకుల హెమియాంథస్ తక్కువ వెలుగులో నేలను వదిలి పైకి ఎగబాకుతుంది. మాంటె కార్లో ఆ విషయంలో ఓపిక గలది. నేల దగ్గర నలభై యాభై మైక్రోమోల్స్ (మొక్కకు అందే వెలుగుకు కొలత) వెలుగున్నా, గ్యాసు సరిగా అందితే నెమ్మదిగా పరుచుకుంటుంది. డచ్చి పద్ధతి తొట్టెల్లో ఎరుపు, పసుపు, పచ్చ మొక్కలను మెట్లు మెట్లుగా నిలబెట్టేవారికి నా మాట రుచించదు. రుచించాలని కూడా నేను అనను. వారు రోజూ తొట్టి ముందు కూర్చునేవారు, వారానికి రెండుసార్లు కత్తెర పట్టేవారు. బలమైన వెలుగును మోయగల చేతులు వారివి.

పోటీ ఫొటోల సంగతి వేరు. తకాషీ అమానో జపాన్‌లో సైకిల్ పోటీల్లో పాల్గొన్న మనిషి, ఆపైన ఫొటోగ్రాఫర్. 1982లో సంస్థ పెట్టి నీటి అడుగున అడవులు, కొండలు నిలబెట్టడం లోకానికి నేర్పాడు. 2015లో కన్నుమూసిన ఆయన చివరి పెద్ద పని లిస్బన్ సముద్ర ప్రదర్శనశాలలో చేసినది. పొడవు నలభై మీటర్లు, లక్షా అరవై వేల లీటర్లు. ఆయన తొట్టెల ఫొటోలు చూసి నా తరం వాళ్ళం వెలుగును ప్రేమించాం. కానీ ఫొటో తీసే సమయంలో తొట్టి మీద అదనంగా ఫ్లాష్‌లు పెట్టడం ఈ రంగంలో మామూలు. పేజీ మీద కనిపించే ఆ ధగధగ రోజువారీ వెలుగు కాదు. దాన్ని చూసి మన లైటు చాలదనుకుని పెంచుకుంటూ పోయాం. ఫొటోలో కనిపించని విషయాలు ఎన్నో ఉన్నాయి. మొదటి రోజే నేలంతా కప్పేసేంత మొక్కలు నాటడం, మొదటి వారాల్లో దాదాపు రోజూ నీళ్ళు మార్చడం, నాచు తినడానికి గుంపులుగా రొయ్యలను వదలడం. కారిడినా మల్టిడెంటాటా అనే ఆ రొయ్యకు ప్రపంచమంతా ఆయన పేరే పెట్టుకుంది. నాచును ఆయన మందుతో కాక నోళ్ళతో ఎదుర్కొన్నాడు. అది మనకు అందలేదు, ఫ్లాష్ వెలుగు మాత్రం అందింది.

కంటిని నమ్మకూడదన్నది కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మన కన్ను వెలుగుకు ఇట్టే సర్దుకుపోతుంది. సగానికి తగ్గించిన లైటు మొదటి రోజు చీకటిగా ఉంటుంది, నాలుగో రోజుకు మామూలుగా ఉంటుంది. మొక్కకు ఆ తేడా ప్రతి గంటా తెలుస్తూనే ఉంటుంది.

నీడ

ఇంతవరకు చెప్పినదంతా నాచు, చేపల లెక్క. నాకు ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని కొలిచి చూపించలేను. బాగా వెలిగించిన తొట్టిలో నీడ ఉండదు.

రాళ్ళు పేర్చేటప్పుడు మనం ఎంత శ్రమపడతాం! ముందు భాగంలో మట్టి మూడు నాలుగు సెంటీమీటర్లు, వెనక్కి పది దాటేలా వాలు కడతాం, లోతు ఉన్నట్టు కనిపించడానికి. జపాన్ వాళ్ళు ఓయాఇషి అనే పెద్దరాయిని సరిగ్గా మధ్యలో పెట్టరు, పొడవును ఒకటికి ఒకటిన్నర పైచిలుకుగా విభజించే చోట నిలబెడతారు. దుంగ కొమ్మలను ముందుకు వాల్చి, వెనుక సన్నని కొమ్మలు అతికిస్తాం. ఇదంతా చేసి పైనుంచి ఎండలాంటి తెల్లని వెలుగు అంతటా సమంగా పరిస్తే, ఆ రాయికి ముందు వెనుకలు పోతాయి. కొమ్మ కింద గుహ ఉండాల్సిన చోట పచ్చగడ్డి ఉంటుంది. లోతు కోసం పడిన శ్రమంతా చదునైపోతుంది.

నా ఇప్పటి తొట్టిలో లైటును ఒక జానెడు పైకెత్తి, కాస్త ముందుకు జరిపాను. దుంగ వెనుక భాగం ఎప్పుడూ మసకగానే ఉంటుంది. అక్కడ బుసెఫలాండ్రా ఉంది, బోర్నియో వాగుల్లో రాళ్ళను పట్టుకుని పెరిగే మొక్క. నీడలో దాని ఆకు మీద నీలి మెరుపు వస్తుంది, ఎండలో పెడితే ఆకుల అంచున నాచు పడుతుంది. పక్కన జావా ఫెర్న్, క్రిప్టోకోరైన్. ముందు వెలుగు పడే చోట మాత్రమే మాంటె కార్లో. అది ఆరు నెలలు తీసుకుంది నిండడానికి. కత్తెర పట్టేది మూడు వారాలకోసారి. ఒటోసింక్లస్ చేపలు పగలు ఆ నీడలో ఆకుల మీద అతుక్కుని ఉంటాయి, వెలుగు బాగా ఉన్న పాత తొట్టిలో అవి మూలలకు పోయి దాక్కునేవి. ఇందులో టెట్రాల నియాన్ గీత కూడా మరింత బాగా కనిపిస్తుంది. అది నల్లనీళ్ళ అడవి వాగుల చేప, చీకటిలో ఒకరినొకరు చూసుకోవడానికి పుట్టిన మెరుపు అది అని నాకు అనిపిస్తుంటుంది.

ఇది నా అభిరుచి మాత్రమే కావచ్చు. ఎండ పడిన గడ్డిమైదానం లాంటి ఇవాగుమి (రాళ్ళే ప్రధానంగా పేర్చే జపాన్ పద్ధతి) తొట్టి ముందు నిలబడి కదలలేకపోయిన రోజులు నాకూ ఉన్నాయి. అయినా, నీడను ఎంచుకుంటే అందం తగ్గుతుందన్న మాట మాత్రం నా కళ్ళ ముందే అబద్ధమైంది.

మా వాడు ఐదు వారాల తరవాత మళ్ళీ ఫొటో పంపాడు. దారాల నాచు లేదు. కొత్త నేలకు మామూలుగా వచ్చే గోధుమరంగు పొర గాజు మీద కొంచెం ఉంది, అది దానంతట అదే పోతుంది. మాంటె కార్లో కుచ్చుల నుంచి తీగలు బయలుదేరి ఒకదానికొకటి అందుకోబోతున్నాయి, ఇంకా మధ్యలో నల్లని మట్టి కనిపిస్తోంది. పెద్దరాయి కుడివైపు నీడ పడుతోంది. ఆ నీడ మొదటి ఫొటోలో లేదు.

"ఇంకా నిండలేదు మామయ్యా. ఒక పది శాతం పెంచనా?" అని అడిగాడు.

చేపలు వేశావా అన్నాను. ఇంకా లేదన్నాడు. అయితే ఇప్పుడే పెంచి చూడు, గ్యాసు మీద చేయి వేయకుండా రెండు వారాలు గడిస్తే ఆ పది ఉంచుకో, వేయాల్సి వస్తే వెనక్కి దించు అన్నాను. సరేనన్నాడు. నిన్న అడిగితే ఐదు శాతమే పెంచానని చెప్పాడు.